గ్రసిందా గోడ

కొండ మీది మేడలో అడుగు పెట్టనని ముప్పై ఆరేళ్ళ కిందట పట్టిన పట్టు గ్రసిందా ఆ ఆదివారం పొద్దున వదిలేసింది. మనసు మెత్తబడి కాదు, ఒళ్ళు మండి. సగం తాగిన కాఫీ బల్ల మీద పెట్టి, నల్ల స్వెటర్ తలలోంచి దూర్చుకుని, "పద" అంది మరదలు ఇదలీనాతో.

"ఎక్కడికి?"

"మేడకి."

ఇదలీనా నోట్లో పెట్టుకోబోతున్న జున్ను బిళ్ళ అక్కడే ఆగిపోయింది. పొద్దుటి పూజ నుంచి నేరుగా ఇక్కడికొచ్చి, పాదిరిగారు గుళ్ళో చెప్పిన సంగతి ఊపిరి తీసుకోకుండా చెప్పింది తనే. చెప్పాక గానీ ఏం చేసిందో తెలియలేదు. మేడ లోపలి వాకిట్లో నక్షత్రాల గోడ పక్కన ఇత్తడి బోర్డు ఒకటి పెట్టారట. పదకొండు గంటలకి దాని మీది గుడ్డ తీస్తారట.

"బోర్డు మీద ఏం రాశారన్నావ్? మళ్ళీ చెప్పు."

"ఎందుకులే వదినా."

"చెప్పవే!"

"'1987లో ఈ గోడకు మేస్త్రీ బెలర్మీను స్వహస్తాలతో తిరిగి టైల్స్ వేసెను. పాత పనివారి వినయానికి గుర్తయిన వంకర టైలును అలాగే కాపాడెను.' ఇంతే."

"స్వహస్తాలు! ఆ మూడ్రోజులూ వాడి స్వహస్తాలు సారా సీసా మీదున్నాయి."

"చచ్చినవాణ్ణి అలా అనకూడదు వదినా, పాపం."

"చచ్చినవాడు అబద్ధాలాడటం మానాడా మరి? ఇత్తడి మీదెక్కి ఆడుతున్నాడు. చెప్పులేసుకో."

గ్రసిందాకి అరవై తొమ్మిదేళ్ళు. మా అజెన్యాల్ ఊళ్ళో ఆమె చెయ్యి పడని వంటిల్లు లేదు, ఆమె చేత ఒక్కసారైనా తిట్లు తినని మనిషీ లేడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదమ్మా అని ఎవరైనా అడిగితే, "వంకరగా ఉన్నదాన్ని సరిచెయ్యడం పగలంతా చేస్తున్నాగా, ఇంటికొచ్చి కూడానా?" అనేది. ఇదలీనా ఆమె తమ్ముడు అర్మిందు పెళ్ళాం. అర్మిందు పోయి తొమ్మిదేళ్ళయింది. వదినా మరదళ్ళు ఇద్దరూ పక్కపక్క ఇళ్ళలో ఉంటూ రోజూ పోట్లాడుకుంటూ ఒకే పొయ్యి మీద వండుకుంటారు.

పద్దెనిమిదో ఏట గ్రసిందా బెలర్మీను మేస్త్రీ ముఠాలో చేరింది. చేరింది టైల్స్ వెయ్యడానికి కాదు, కడగడానికి. పాత గోడల మీంచి ఊడదీసిన టైల్స్‌ని తొట్టిలో నానబెట్టాలి, వెనకంటిన సున్నం గీకాలి, ఏ టైలు ఏ వరసలో ఎన్నోదో దాని వీపు మీద పెన్సిల్‌తో రాయాలి. వరసకో అక్షరం, చోటుకో అంకె. ఆ లెక్క తప్పితే రాజుగారి గుర్రానికి పాదిరిగారి తల వస్తుంది. పదిహేనేళ్ళు ఆమె లెక్క ఒక్కసారీ తప్పలేదు. కానీ తాపీ మాత్రం చేతికివ్వలేదు. "ఆడది తాపీ పడితే గోడకి కడుపొస్తుంది" అనేవాడు మేస్త్రీ, గోడ ఉబ్బడాన్ని చేత్తో చూపిస్తూ. ముఠా అంతా పళ్ళికిలించేది. "పైగా నీది పుర్రచెయ్యి. దేవుడు నిన్ను రెండుసార్లు వద్దన్నాడమ్మాయ్" అనేవాడు. గ్రసిందా మాత్రం మేస్త్రీ చెయ్యి ఎలా తిరుగుతోందో చూస్తూ కూర్చునేది.

ఇక ఆ మేడ సంగతి. బ్రెజిల్లో చక్కెర అమ్మి డబ్బు మూటలతో తిరిగొచ్చిన ప్రభువొకడు నూట డెబ్భై ఏళ్ళ కిందట కొండకొమ్మున కట్టించాడు. ఆయనకి అన్నీ కావాలి. తూర్పున అరబ్బుల గుమ్మటం, పడమట జర్మనీ బురుజు, వీధి కిటికీల చుట్టూ రాతిలో చెక్కిన ఓడతాళ్ళు, గొలుసులేసి ఒక్కసారీ ఎత్తని వంతెన, ఒకవైపు పసుపు, ఒకవైపు ఎరుపు. మాంసం, క్యాబేజీ, శనగలు, సాసేజీలు అన్నీ ఒకే కుండలో ఉడకేసే మా ఆదివారం కూరని కొజీదు అంటాం. మేడకీ ఊళ్ళో అదే పేరు. దూరం నుంచి చూసి నవ్వనివాడు లేడు, దగ్గరికెళ్ళి నోరు తెరవనివాడూ లేడు. అందులో లోపలి వాకిట్లో ఆకుపచ్చా నీలం నక్షత్రాల గోడ ఉంది. నాలుగు టైల్స్ కలిస్తే ఒక నక్షత్రం. అడ్డంగా నలభై, నిలువుగా పదహారు, మొత్తం ఆరువందల నలభై టైల్స్.

1987లో చెమ్మకి ఆ గోడ ఊడిపోతుంటే పని బెలర్మీనుకిచ్చారు. టైల్స్ అన్నీ దింపారు, కడిగారు, అంకెలేశారు. ఆగస్టు పద్దెనిమిదిన, మంగళవారం, లిస్బన్ నుంచి మంత్రిగారొచ్చి చూస్తారన్నారు. పదిహేనున శనివారం మరియమ్మ పండగ. మేస్త్రీ పండగ కమిటీకి పెద్ద. ముఠాలో నలుగురు మగాళ్ళూ అమ్మవారి పల్లకీ మోసేవాళ్ళే, అర్మిందుతో సహా. శనివారం మోసి ఆదివారానికి వచ్చేస్తామన్నారు. సార్డీన్ చేపలు, సారా, బాణాసంచా, ఆదివారం పోయింది, సోమవారమూ పోయేలా ఉంది.

గ్రసిందా శనివారం పొద్దునే మేడ తాళంచెవి అడిగి తీసుకుంది. ఇదలీనా అప్పటికి కాపరానికొచ్చి నాలుగు నెలలు. "నీళ్ళు మోస్తావా?" అని అడిగితే, కొత్త వదిన మాట కాదనలేక మోసింది. కింద ఊట దగ్గర్నుంచి నూట పది మెట్లు, రెండు చేతులా రెండు బకెట్లు, మూడు రోజులు. సున్నం, ఇసకా కలిపింది కూడా తనే. కింద ఊళ్ళో గంటలు మోగుతుంటే, టపాసులు పేలుతుంటే, పైన గ్రసిందా ఎడమచేత్తో తాపీ పట్టి ఒకటో వరస నుంచి పదహారో వరస దాకా ఒక్కతే వేసుకుంటూ పోయింది. సోమవారం చీకటిపడే వేళకి ఆఖరి టైలు ఎక్కింది.

మంగళవారం తెల్లారి, మంత్రిగారికి ఏ సాకు చెప్పాలా అని తల పట్టుకుని వచ్చిన బెలర్మీను వాకిట్లో కొయ్యబారిపోయాడు. బద్ద తీసి గోడకి ఆనించాడు. నిలువుగా, అడ్డంగా, ఐమూలగా. గోరు దూరే సందు లేదు. తర్వాత మంత్రిగారొచ్చారు. "నా ముఠా రాత్రీ పగలూ ఒళ్ళు దాచుకోకుండా చేసిందండీ" అన్నాడు, గుండెల మీద చెయ్యేసుకుని. గోళ్ళలో సున్నంతో గ్రసిందా రెండడుగుల దూరంలో నుంచుని ఉంది. మేస్త్రీ ఆమె వైపు తిరిగాడు.

"అమ్మాయ్, అయ్యగారికి మంచినీళ్ళు పట్రా."

తెచ్చింది. తన చేత్తో ఇచ్చింది. సొమ్మొకడిది, సోకొకడిది. అందరూ భోజనానికి పై హాల్లోకి వెళ్ళాక, గోడ మధ్యలో కంటి ఎత్తున ఉన్న ఒక టైలు కింద కత్తి దూర్చింది. సున్నం ఇంకా పచ్చిగానే ఉంది. ఆ టైలుని ఊడదీసి, పావు చుట్టు తిప్పి, మళ్ళీ అక్కడే అదిమింది. నక్షత్రం ఒక చెయ్యి విరిగి పక్కకి వేలాడింది. చేతులు కడుక్కుని ఇంటికెళ్ళిపోయింది.

బెలర్మీను అది చూసేసరికి సున్నం బిగిసింది. తియ్యబోతే చుట్టుపక్కలవి పగులుతాయి, ఎవరు చేశారని అడిగితే ఎవరు వేశారో చెప్పాలి. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. మేడ అధికారి ఒకాయన అదేమిటని అడిగితే మాత్రం నాలుక మడత పడలేదు. "పాతకాలపు పనివాళ్ళ వినయమండి అది. దేవుడొక్కడే తప్పులేకుండా చేస్తాడని ఒక టైలు కావాలని వంకరగా పెట్టేవాళ్ళు. నేనూ అలాగే ఉంచాను" అన్నాడు. ఆ ముక్క ముప్పై ఆరేళ్ళుగా అన్ని భాషల్లోనూ చెబుతున్నారు.

గ్రసిందాకి మాత్రం ఆ తర్వాత ఏ ముఠాలోనూ పని దొరకలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు సింట్రాలో ఒక హోటల్లో నేలలు తుడిచింది. సాయంత్రాలు ఊళ్ళో ఆడవాళ్ళ వంటిళ్ళకి టైల్స్ వేసింది. ఒకరు గుడ్లిచ్చేవారు, ఒకరు కుట్టుపని చేసి పెట్టేవారు. ఆ వంటిళ్ళలో ఒక్క టైలూ ఇవాళ్టికీ కదల్లేదు. ఇదలీనా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా అంటారు గానీ, ఈ ఒక్కటీ నానింది. అర్మిందు ఆ ముఠాలోనే ఉన్నాడు మరి. చెబితే మొగుడి పని పోతుంది.

ఆ ఆదివారం ఇద్దరూ నాపరాళ్ళ దారెంట కొండెక్కుతున్నారు. మంచు ఇంకా విడలేదు. నాచుపట్టిన గోడల మీంచి నీళ్ళు కారుతున్నాయి. ఇదలీనా పదడుగులకోసారి ఆగుతోంది.

"వదినా, ఒక్కమాట విను. దువార్త్ చెప్పాడు నాకు."

దువార్త్ అంటే మేడలో గైడుగా పనిచేసే మా ఊరి కుర్రాడు. ఇదలీనా ఇంట్లో పై గది అద్దెకుంటాడు.

"ఏం చెప్పాడు?"

"కొత్తగా బాగుచేయించడానికొచ్చిన డాక్టరమ్మ ఉందిగా, బెనెదీతా అని, మందుల డాక్టరు కాదులే, పాత కట్టడాల చదువు చదువుకున్నావిడ. ఆవిడ పద్ధతి ఏంటంటే, పాతకాలం నాటిది ఏదైనా ముట్టుకోదట. తర్వాతెప్పుడో రిపేర్లో జరిగిన తప్పయితే సరిచేసేస్తుందట. నువ్వు వెళ్ళి నేనే తిప్పానన్నావనుకో, నీ టైలు తీసి తిన్నగా పెట్టేస్తారు. నోరు మూసుకుంటే అలాగే ఉంటుంది. ఆ మేడ మొత్తంలో నీదంటూ ఉన్నది అదొక్కటే కదా!"

గ్రసిందా ఆగింది. ఈ సంగతి ఆమెకి తెలియదు.

"అదొక్కటీనా? మిగతా ఆరువందల ముప్పై తొమ్మిది ఎవడివే?" అని, మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టింది.

చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి ఆదివారం పొద్దున టికెట్ లేదు. గేటు దగ్గర కార్డు చూపించమంటే చూపించి, ఎత్తని వంతెన దాటి, అరబ్బు గుమ్మం కిందుగా లోపలి వాకిట్లోకి నడిచింది. పనికత్తెల దారి వెనక ఉంది. అప్పట్లో ఆమె ఈ గుమ్మంలోంచి ఎప్పుడూ రాలేదు.

నలభై మంది దాకా ఉన్నారు. సగం మంది ఊరివాళ్ళు, సగం టూరిస్టులు. గోడ అడుగున రెండు వరసల టైల్స్ చెమ్మకని తీసి పెట్టెల్లో సర్దారు. పక్కనే సున్నం తొట్టి, పనిముట్లు. బోర్డు మీద ఆకుపచ్చ గుడ్డ. దాని పక్కన సూటేసుకుని అన్సెల్ము, బెలర్మీను కొడుకు. ఇప్పుడు ముఠా అతనిదే, ఈ గోడ పనీ అతనిదే. పాదిరిగారు, మెళ్ళో తాడుకి కళ్ళజోడు వేలాడేసుకుని డాక్టరమ్మ బెనెదీతా, చెయ్యెత్తి చెబుతున్న దువార్త్.

గ్రసిందా కళ్ళు గోడ మీదికే వెళ్ళాయి. ముప్పై ఆరేళ్ళయింది చూసి. మిగిలినదాంట్లో ఒక్క వరసా దిగలేదు, ఒక్క అంచూ లేవలేదు. మధ్యలో ఆ విరిగిన నక్షత్రం. ఇంత చిన్నదా అనిపించింది ఆమెకి. తలలో అది పళ్ళెమంత పెరిగి కూర్చుంది ఇన్నేళ్ళూ.

"ఇదిగో, ఇక్కడ చూడండి" అంటున్నాడు దువార్త్, "దేవుడి ముందు మనిషి వినయం! తప్పులేని పని చేయగలిగి కూడా, కావాలనే ఒక్క తప్పు..."

"వినయమా? నా మొహం వినయం! అది కోపం!"

అందరూ తిరిగి చూశారు. దువార్త్ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"అత్తా?" అన్నాడు. వాళ్ళమ్మ వంటింటికి టైల్స్ వేసింది ఈమే.

"దేవుణ్ణి మధ్యలోకి లాక్కురాకు నాయనా, ఆయన ఆ రోజు ఊళ్ళో పండగలో ఉన్నాడు. ఈ గోడ నేను వేశాను. ఆ టైలు నేను తిప్పాను. వినయంతో కాదు, ఒళ్ళు మండి తిప్పాను."

అన్సెల్ము నవ్వు మొహాన పులుముకుని ముందుకొచ్చాడు. "గ్రసిందక్కా, ఇవాళ్టి రోజున ఇదెందుకు? పెద్దదానివయ్యావు. పద, కుర్చీ వేయిస్తా, కూర్చుందువు గాని."

"కుర్చీలో కూర్చుంటే నోరు మూతపడుతుందని ఎవరు చెప్పార్రా నీకు?"

ఊరివాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. డాక్టరమ్మ కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికొచ్చింది. మర్యాదస్తురాలు. పేరడిగింది, ఏ సంవత్సరం, ఎన్ని రోజులు, సున్నంలో ఇసక ఎంత కలిపారు అని అడిగింది. గ్రసిందా తడుముకోకుండా చెప్పింది.

"అమ్మా, ఒక్కటి ఆలోచించుకుని చెప్పండి" అంది బెనెదీతా గొంతు తగ్గించి. "అది పాతదైతే నేను ముట్టుకోను. మీరన్నట్టు ఎనభై ఏడు నాటిదైతే దాన్ని సరిచెయ్యాల్సిందే. మీ మాట నేను రాసుకుంటే ఆ టైలు అలా ఉండదు."

ఇదలీనా వెనక నుంచి స్వెటర్ లాగింది. గ్రసిందా గోడ వైపు చూసింది. నేలలు తుడిచిన ఇరవై ఎనిమిదేళ్ళూ, మోకాళ్ళ మీదున్నప్పుడల్లా ఆ టైలే గుర్తొచ్చేది. కొండ మీద నాది ఒకటి ఉంది, దాన్ని ఎవడూ తియ్యలేకపోయాడు అనుకునేది. ఆ తలపుతోనే గుడ్డ పిండేది. ఇప్పుడు చూస్తే దాన్ని కూడా బెలర్మీను తన వినయం చేసుకున్నాడు. తన కోపానికి వాడి పేరు. అది తలుచుకుంటే మళ్ళీ ఒళ్ళు మండింది.

"రాసుకోండి. పోతే పోనీ" అంది.

"సాక్ష్యమేది?" అన్నాడు అన్సెల్ము. ఇప్పుడు నవ్వడం లేదు. "ఎవరైనా వచ్చి నాదంటే నీదే అనేస్తారా? మా నాన్న జన్మలో ఆడదాని చేతికి తాపీ ఇవ్వలేదు. ఊరందరికీ తెలుసు."

"ఇవ్వలేదురా. నేనే తీసుకున్నా."

"నీళ్ళు నేను మోశాను" అంది ఇదలీనా. అంత మందిలో ఆమె గొంతు పీలగా వచ్చింది. "సున్నం నేను కలిపాను. మూడ్రోజులు. మీ నాన్న, నువ్వు, మా ఆయనా, అందరూ పండగలో పడి ఉన్నారు. నువ్వు సోమవారం మా అరుగు మీదే వాంతి చేసుకున్నావు అన్సెల్మూ, కడిగింది నేను."

ఈసారి ఊరివాళ్ళు దాచుకోకుండా నవ్వారు. అన్సెల్ము చెవులు ఎర్రబడ్డాయి. "ఇంటి మనిషి సాక్ష్యం ఒక సాక్ష్యమా?" అన్నాడు.

గ్రసిందా అతని చెయ్యి పట్టుకుని గోడ అడుక్కి లాక్కెళ్ళింది. టైల్స్ తీసేసిన రెండు వరసల్లో పాత సున్నం బయటపడి ఉంది. టైలు పట్టు కోసం తాపీ అంచుతో సున్నం మీద గాట్లు గీస్తారు. వందల గాట్లు కనబడుతున్నాయి.

"నువ్వు టైల్స్ మేస్త్రీవి. మీ నాన్న పక్కన పదేళ్ళు గోడలు వేశావు. మీ నాన్నది కుడిచెయ్యి, నీదీ కుడిచెయ్యి, ముఠాలో అందరిదీ కుడిచెయ్యి. కుడిచేతి గాటు ఎటు వాలుతుంది?"

అన్సెల్ము బెనెదీతా వైపు చూశాడు.

"నేను చెప్పను. నువ్వే చెప్పు. అబద్ధం చెబితే నేనేం చెయ్యగలను? ముసలిదాన్ని. ఇంటికెళ్ళిపోతా. కానీ సున్నం చూస్తూ చెప్పు."

అన్సెల్ము సూటుతోనే గొంతుక్కూర్చున్నాడు. వేలు పెట్టి ఒక గాటు వెంట కింది నుంచి పైకి గీశాడు. పక్కదాని మీద, ఆ పక్కదాని మీద. మనిషి ఎలాంటివాడైనా పనివాడు. చదవొచ్చినవాడు ఎదురుగా ఉన్న అక్షరాన్ని చదవకుండా ఉండలేడు.

"ఎడమకి వాలాయి" అన్నాడు చివరికి. "ఇవి మా నాన్న గాట్లు కావు."

పాదిరిగారు దగ్గారు. బెనెదీతా పుస్తకంలో రాసుకుంది. అన్సెల్ము లేచి, మోకాళ్ళకంటిన సున్నం దులుపుకోకుండా వెళ్ళి గుమ్మం పక్కన నుంచున్నాడు.

"అయితే ఆ టైలు రేపు మావాళ్ళు సరిచేస్తారు" అంది బెనెదీతా.

"మీవాళ్ళెందుకు? తిప్పింది నేను, తిన్నగా పెట్టేదీ నేనే. ఇప్పుడే."

"అమ్మా, వీల్లేదు. పరీక్ష పాసైనవాళ్ళే ముట్టుకోవాలి. మీకేదైనా అయితే ఇన్సూరెన్సు..."

"నాకేదైనా అయితే ఈ కొండ మీదే పూడ్చెయ్యండి, చోటు బోలెడుంది. ఇక పరీక్ష సంగతంటారా, అదిగో గోడ. ముప్పై ఆరేళ్ళుగా పాసవుతూనే ఉంది."

బెనెదీతా ఆ గోడనోసారి, ఈ మనిషినోసారి చూసింది. తొట్టి వైపు చెయ్యి చూపించి పక్కకి తప్పుకుంది. చేతికి తొడుక్కోమని గ్లవ్స్ ఇవ్వబోతే, "గ్లవ్స్ తొడుక్కుని పిల్లాడికి స్నానం చేయిస్తారా?" అని గ్రసిందా వెనక్కిచ్చేసింది.

సన్న రంపపు బ్లేడుతో నాలుగంచులా సున్నం కోయడానికి ముప్పావు గంట పట్టింది. ఎవరూ కదల్లేదు. టూరిస్టులకి ఏం జరుగుతోందో దువార్త్ గుసగుసగా చెబుతున్నాడు. టైలు ఊడి ఎడమచేతిలోకి వచ్చింది. ఒక్క పెచ్చు లేవలేదు. గ్రసిందా దాన్ని కొంచెంసేపు పట్టుకుని చూసింది. ఇచ్చెయ్యాలనిపించలేదు. తర్వాత నీళ్ళు చిలకరించి, కొత్త సున్నం పూసి, గాట్లు గీసి, పావు చుట్టు వెనక్కి తిప్పి అదిమింది. బొటనవేలితో అంచులు తుడిచింది. నక్షత్రం కలిసింది. గోడ అంతా ఒకటైపోయింది. ఇప్పుడు ఎక్కడ చూడాలో ఎవరికీ తెలియలేదు.

"బాగానే ఉంది అత్తా" అన్నాడు దువార్త్ దిగులుగా, "కానీ రేపట్నుంచి ఇక్కడ నేనేం చూపించాలి?"

"ఆరువందల నలభై టైల్స్ చూపించు. కళ్ళున్నవాళ్ళు చూస్తారు."

అని ఆకుపచ్చ గుడ్డ లాగేసింది. అన్సెల్ము పెట్టెలోంచి స్క్రూడ్రైవర్ తీసి ఇత్తడి బోర్డు నాలుగు మరలూ విప్పింది. ఎవరూ ఆపలేదు. దాన్ని బెనెదీతా చేతిలో పెట్టి, "నా పేరుతో కొత్తది ఎప్పుడు?" అని అడిగింది.

"కమిటీ కూర్చోవాలి. రాసింది ఒప్పుకోవాలి. ఆరు నెలలు పడుతుందమ్మా."

"సరే. అప్పటిదాకా నేనే బోర్డు."

అందరూ ఏదో మాటవరసకి అందనుకున్నారు. మరుసటి ఆదివారం పది గంటలకి గ్రసిందా మడతపీట చంకలో పెట్టుకుని, జున్ను బిళ్ళల పొట్లంతో ఇదలీనాని వెంటేసుకుని దిగింది. గోడ ముందు కూర్చుంది. వచ్చినవాళ్ళందరికీ కథంతా చెప్పింది. పండగ, సారా, పల్లకీ, మంత్రిగారు తాగిన మంచినీళ్ళు, ఏదీ వదల్లేదు. వాళ్ళకి భాష రాకపోతే ఇంకొంచెం గట్టిగా చెప్పింది. దువార్త్ అనువదించాడు. రెండో ఆదివారానికి జనం గుమ్మం దాకా నిలబడ్డారు, గుమ్మటం చూడ్డానికి ఎవరూ పైకెళ్ళలేదు. మేడ ఆఫీసువాళ్ళు తలలు పట్టుకున్నారు. ఆరు నెలల బోర్డు మూడో ఆదివారానికల్లా వచ్చేసింది.

బెనెదీతా స్వయంగా బిగించింది. "1987 ఆగస్టులో ఈ గోడకు టైల్స్ వేసినది అజెన్యాల్ వాస్తవ్యురాలు గ్రసిందా మల్యైరొ" అని ఉంది. చప్పట్లు కొట్టారు. గ్రసిందా దగ్గరికెళ్ళి తన పేరు మీద వేలు పెట్టి ఒకసారి చదువుకుంది. మళ్ళీ చదువుకుంది. కళ్ళ నీళ్ళు తిరిగితే దాచుకోలేదు, స్వెటర్ చేతితో తుడుచుకుంది. తర్వాత బోర్డు చివరి దాకా చూసి, వెనక కూడా ఏమన్నా ఉందేమోనన్నట్టు పక్కకి వంగి చూసింది.

"ఇదలీనా పేరేది?"

బెనెదీతా తెల్లమొహం వేసింది. "ఆవిడ... నీళ్ళు మోశారు కదా?"

"అందుకే అడుగుతున్నా."

"వద్దు వదినా!" అంది ఇదలీనా, సిగ్గుతో చచ్చిపోతూ. "నా పేరెందుకు? నేనేం వేశానని?"

"నువ్వు నోర్ముయ్. నువ్వు మొయ్యకపోతే సున్నం ఎవరు తడిపారు? మంత్రిగారు ఉమ్మేశారా?"

"అమ్మా, నీళ్ళు మోసినవాళ్ళ పేర్లు ఎక్కడా రాయరు" అంది బెనెదీతా.

"తెలుసు" అంది గ్రసిందా. "నాకు బాగా తెలుసు."

మడతపీట మళ్ళీ విప్పింది. గోడకి వీపు తగలకుండా జరుపుకుని కూర్చుంది. గుమ్మంలోంచి అప్పుడే లోపలికొస్తున్న జనాన్ని చెయ్యూపి పిలిచింది.

"ఇలా రండి, ఇలా రండి. నూట పది మెట్లు, రెండు చేతులా రెండు బకెట్లు. ఆ సంగతి చెప్తా, కూర్చోండి."